చాందా బజారులో ఒక్క అక్షరం

వైర్‌లెస్‌లో ఏజెంట్ రాజం గొంతు వినిపించింది. "ముఠా కోడ్ వర్డ్ దొరికింది సార్! దా..."

ఢాం! వైర్‌లెస్ తెగిపోయింది.

నాగపూర్ హెడ్‌క్వార్టర్స్‌లో చీఫ్ అనంతరావు సిగరెట్ నలిపేశాడు. "రష్యన్‌లో 'దా' అంటే అవును. జర్మన్‌లో అక్కడ. బెంగాలీలో పేరు చివర తగిలిస్తే అన్న. ఇది ఏ దేశపు ముఠా?"

"సరిహద్దున మా చాందాల అయితే 'రా' అని సార్," అన్నాడు ఏజెంట్ కనకరాజు.

"రేపు అక్కడి హాల్లో సరిహద్దు అధికారుల మీటింగ్. ఏ తాలూకా ఏ రాష్ట్రానికో తేలుస్తారు. ముఠా అక్కడ పెట్టే బాంబు పేలితే తెలుగువాళ్లూ మరాఠీలూ ఒకరినొకరు అనుమానించుకుని ఊరు తగలబెట్టుకుంటారు. ముఠాకు కావలసింది అదే. హాలు ఎదుట కిరాణా కొట్టు సావిత్రి మన ఏజెంట్. వ్యాపారుల ఇంటి పిల్ల. ఆమెను తప్ప ఎవరినీ నమ్మకు."

మారువేషం: కొత్త దంపతులు. కనకరాజు నటించనక్కర్లేదు. ఏజెంట్ సరోజతో అతని పెళ్లయి వారమైంది.

పొద్దున్నే టాంగా బజారులోకి వచ్చింది. గుర్రం గజ్జెలకు సరోజ మురిసిపోతోంది. కనకరాజు మాత్రం ఉలిక్కిపడుతూనే ఉన్నాడు. టాంగావాలా గుర్రాన్ని "దా" అన్నాడు. ఓ తల్లి బిడ్డను "దా" అంది.

"అందర్నీ అరెస్ట్ చేస్తవా ఏంది?" సరోజ కిసుక్కుమంది.

సావిత్రి అప్పుడే కొట్టు తెరుస్తోంది. పట్టుచీర, కాటుక కళ్లు, మత్తెక్కించే నవ్వు. లడ్డూల బుట్టతో ఒక కూలీ ఆమె కొట్టు దిగి హాల్లోకి వెళ్లాడు.

"దా చెల్లె," అంది సావిత్రి. గొంతు తగ్గించింది. "బాంబు స్టేషన్ల ఉన్నది. జల్ది పోండ్రి."

"పావుసేరు బెల్లం ఇయ్యి అక్కా, పోతం," అంది సరోజ. "అయ్యో, పర్సు మరిచిన! ఇంక బోణీ గూడ కాలే గదా?"

"ఏం ఫికర్ లేదు. ఇదే బోణీ. పైసలు రేపియ్యి."

సరోజ నవ్వు ఆగిపోయింది. ఆమె తండ్రిదీ కిరాణా కొట్టే. "మా బాపు సొంత అల్లునికి గూడ బోణీ ఉద్దెర ఇయ్యలే! నువ్వు ఏ వ్యాపారుల బిడ్డవే?"

తక్కెడ కింద నుంచి పిస్టల్ లేచింది. సరోజ గుప్పెడు కారప్పొడి విసిరింది. సావిత్రి కేక పెట్టి కూలబడింది.

"బుట్ట!" అని అరిచింది సరోజ.

కనకరాజు హాల్లోకి దూకాడు. ఓ అధికారి చెయ్యి లడ్డూ మీదే ఉంది. బుట్ట అడుగున టిక్, టిక్. కనకరాజు ఎర్ర వైరు లాగేశాడు. చప్పుడు ఆగింది.

వ్యాపారుల బిడ్డనని చీఫ్‌కు అబద్ధం చెప్పిన సావిత్రి బేడీలతో నవ్వింది. "ఆ 'దా' ఏ భాషదా? ఎవరు వింటే వాళ్లది. అందుకే ఎంచుకున్నం."

ప్రాణాలు దక్కిన అధికారులు చెమట తుడుచుకుని మీటింగ్ మొదలుపెట్టారు. ఏ భాషలో మాట్లాడుకోవాలన్న చర్చ సాయంత్రం దాకా సాగింది.