కెప్టెన్ 'మీరు' ఎందుకంది?

"రోజంతా ఏం చూస్తుంటారు?" అని అడిగింది కళ్ల పరీక్ష చేసే అమ్మాయి.

"పెదాలు," అన్నాను.

అప్పుడు నా గడ్డం మెషీన్ మీద ఉంది. నుదురు పైనున్న పట్టీకి ఆనించి ఉంది. ఆ భంగిమలో ఎవరూ అబద్ధం చెప్పలేరు. చెప్పేశాక గానీ అది ఎలా వినిపించిందో నాకు అర్థం కాలేదు.

"ఎవరివి?" అంది ఆమె. గొంతు మారింది.

"ఎవరివైనా సరే. దగ్గర్నుంచి, స్లోగా, వెనక్కి తిప్పి తిప్పి చూస్తాను," అని నా గొయ్యి ఇంకాస్త లోతుగా తవ్వుకున్నాను. "అదే నా ఉద్యోగమండీ. డబ్బింగ్ రాస్తాను. తెర మీద వాళ్ల పెదాలు ఎలా కదిలితే దానికి సరిపోయే తెలుగు మాట వెయ్యాలి."

"ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా," అని ఆమె ఊపిరి పీల్చుకుంది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని అడిగిన ప్రశ్నకి నా ఊపిరి ఆగింది. "అయితే 'తొలి కక్ష్య' తెలుగులో రాస్తున్న మహానుభావుడు మీకేమైనా తెలుసా?"

"ఎందుకండీ?"

"కనిపిస్తే కడిగేద్దామని."

ఆ మహానుభావుణ్ణి నేనే. గడ్డం మెషీన్ మీంచి తీసి, తాపీగా, "తెలీదండీ, ఆయనది వేరే స్టూడియో," అన్నాను.

గొడవేమిటో చెప్పకపోతే నా పాపం పూర్తిగా అర్థం కాదు. 'ఆఖరి కక్ష్య' అని ఓ అంతరిక్ష సిరీస్ ఉంది. నలభై ఎపిసోడ్లు. ఓ అంతరిక్ష నౌక, దానికో కెప్టెన్, ఓ డాక్టరు. కెప్టెన్ ఆడమనిషి. నౌకలో అందర్నీ నువ్వు అంటుంది, ఒక్క డాక్టర్ని మాత్రం మీరు అంటుంది. నాకంటే ముందు తెలుగు రాసిన పెద్దాయన అలా పెట్టాడు. ఇప్పుడొస్తున్న 'తొలి కక్ష్య' ఆ కథకి ముందు జరిగిన కథ. అదే కెప్టెన్, అదే డాక్టరు, ఇద్దరూ ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు. ఇందులో కెప్టెన్ డాక్టర్ని శుభ్రంగా నువ్వు అంటుంది.

ఎందుకంటే నేనలా రాశాను. అసలు భాషలో 'యూ' అన్నప్పుడు పెదాలు సున్నా చుడతాయి. 'నువ్వు' అందులో చక్కగా ఇమిడిపోతుంది. 'మీరు' అనాలంటే ముందు నోరు మూసుకోవాలి. స్టూడియోలో నేను చెప్పే కారణం ఇదీ. చెప్పని కారణం ఏమిటంటే, పాత సిరీస్ నేను చూడలేదు. నలభై ఎపిసోడ్ల కథని పది నిమిషాల్లో చెప్పిన వీడియో ఒకటి చూశాను, అదీ రెట్టింపు స్పీడులో.

ప్రపంచంలో ఇంకెవరికీ ఈ బాధ లేదు. వాళ్ల కెప్టెన్ పాతికేళ్లకీ 'యూ' అంది, నలభై అయిదేళ్లకీ 'యూ' అంది. తెలుగు ఫ్యాన్స్‌కి మాత్రం నా వల్ల తిండి సయించడం లేదు.

"మీరే చెప్పండి," అంది ఆ అమ్మాయి, నా కంటి ముందు అద్దాలు మారుస్తూ. "పరిచయం పెరిగితే మీరు కాస్తా నువ్వవుతుంది. నువ్వు ఎక్కడైనా మీరవుతుందా? ఇది బాగుందా, ఇది బాగుందా?"

"రెండోది."

"మీరు బాగుందా?"

"అద్దం గురించండీ."

ఆమె నవ్వింది. ఆ నవ్వు స్పష్టంగా కనిపించింది. పవర్ సరిగ్గా కుదిరిందని ఆమె రాసుకుంది గానీ, తేడా పవర్‌ది కాదని నాకు అనిపించింది.

వెళ్లేముందు నన్ను ఫ్యాన్స్ గ్రూపులో చేర్చింది. "డబ్బింగ్ తెలిసినవాళ్లు ఒకరుంటే వాదన బాగుంటుంది," అంది. గ్రూపులో ఎవరికీ అసలు పేర్లు లేవు. ఆమె పేరు 'కొలబద్ద'. నేను 'తప్పిపోయిన ఉపగ్రహం' అని పెట్టుకున్నాను. ఆమె ఎపిసోడ్ల వారీగా ఓ పట్టిక తయారుచేసింది: మూడు ఎపిసోడ్లలో అరవై రెండు నువ్వులు, సున్నా మీరులు. నా పని మీద అంత శ్రద్ధ మా స్టూడియోలో కూడా ఎవరికీ లేదు.

నోరు మూసుకుని ఉందామనే చేరాను. కానీ నా తప్పుని పదకొండు వందల మంది కలిసి ఉతుకుతుంటే ఊరుకోలేకపోయాను.

"డాక్టరు మధ్యలో ఎప్పుడో ఆమె ప్రాణం కాపాడి ఉంటాడు. ఆ గౌరవంతో మీరు అంటోందేమో," అని రాశాను.

"ప్రాణం పోసిన అమ్మని మనం మీరంటున్నామా?" అని కొలబద్ద.

"ఆమెకి మధ్యలో జ్ఞాపకశక్తి పోయిందేమో."

"ఆమెకి పోలేదు. రాసినవాడికి అసలు లేదు."

"రచయిత ఏదో లోతుగా ఆలోచించి ఉంటాడండీ."

"పెదాలకి సరిపోయిందని రాసేసి ఉంటాడు."

నేను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, లేచి మంచినీళ్లు తాగాను.

కళ్లజోడు వచ్చింది. రెండు రోజులకి ముక్కు మీద నొక్కుతోందని షాపుకి వెళ్లాను. అది నిజం. మళ్లీ రెండు రోజులకి చెవి దగ్గర వదులైందని వెళ్లాను. అది సగం నిజం. మూడోసారి వెళ్లేసరికి ఆమె కళ్లజోడు అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఏ లోపమూ లేదు. మీ ముక్కులోనూ లేదు. టీ తాగుదామా?" అంది.

షాపుకి ఎదురుగా టీ కొట్టుంది. రోడ్డు దాటుతుంటే వాన పట్టుకుంది. కొట్టు ముందు రేకు కింద ఇద్దరికి సరిపడా చోటుంటే, అందులో ఆరుగురం నిలబడ్డాం. అద్దాల మీద చినుకులు పడి ఆమె నాకు ముగ్గురిలా కనిపించింది. ముగ్గురూ బాగున్నారు.

ఆమె నా కళ్లజోడు తీసి, కోటు జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచింది. "ఇంత తడిసిన అద్దాల్లోంచి ఏం కనిపిస్తోంది నీకు?" అంది.

నీకు అంది. లోకంలో నాకు నచ్చిన విభక్తి ప్రత్యయం 'కు' అని ఆ క్షణమే తేలిపోయింది.

ఆ తర్వాత రోజూ టీ. నేను 'ఉపగ్రహం', ఆమె 'కొలబద్ద'. ఓ రోజు గ్లాసు ఊదుకుంటూ తన థియరీ చెప్పింది.

"నాకు ఒళ్లు మండితే ఎవర్నైనా సరే మీరంటాను. చిన్నప్పటి నుంచీ అంతే. కెప్టెనూ అలాంటిదే. ఆ డాక్టరు ఆమె దగ్గర ఏదో దాచాడు. నమ్మకం పోయింది. నువ్వు పోయి మీరొచ్చింది."

చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా.

"నీ థియరీ బాగుంది," అన్నాను.

"కదా? ఆ రాసే వెధవకి ఈపాటి బుర్ర కూడా లేదు."

"అస్సలు లేదు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నన్ను నేను తిట్టుకుంటూ అంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు. ఇవాళ కాకపోతే రేపు చెబుదాం అనుకున్నాను. అలా ఇరవై రేపులు గడిచాయి. ఈలోగా ఆ టీ లేకపోతే నాకు రోజు గడవని స్థితి వచ్చింది. నిజం చెబితే ఆ అమ్మాయి పోతుంది, అందుకని చెప్పలేదు. అది పిరికితనమని తెలుసు.

నా కొంప ముంచింది ఎవరో కాదు, స్వయంగా కెప్టెనే. అంటే కెప్టెన్‌కి తెలుగులో గొంతిచ్చే ఆవిడ. ఆవిడకి మనవలున్నారు. స్క్రిప్టులో అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఓ రోజు విసుక్కుంటే, "నాకు తెలిసిన షాపుంది, నేను పంపానని చెప్పండి," అని అడ్రసు రాసిచ్చాను. కొరివితో తల గోక్కున్నాను.

తర్వాత జరిగింది ఆవిడే నాకు సంతోషంగా చెప్పింది. పరీక్ష గదిలో కూర్చుని, గోడ మీది అక్షరాలు "క, గ, ట, ప" అని చదివిందట. ఆ గొంతు వినగానే కొలబద్ద చేతిలో అద్దం ఆగిపోయిందట.

"అమ్మా, ఒక్కసారి 'ఇంజన్లు ఆపండి, నేను దిగుతున్నాను' అంటారా?" అని అడిగిందట. ఆవిడ అంది. షాపులో జనమంతా లేచి నిలబడ్డారట.

"మిమ్మల్ని ఇక్కడికి ఎవరు పంపారమ్మా?"

"మా రైటరు బాబు, ఈ మధ్యే మీ దగ్గర కళ్లజోడు చేయించుకున్నాడు. మంచివాడే పాపం. పాత సిరీస్ చూడకుండా రాసేశానని నా దగ్గర ఒప్పుకున్నాడు."

"నీ గురించి అంతా మంచే చెప్పాను," అని ఆవిడ నా భుజం తట్టింది. అప్పటికే ఫోన్‌లో మెసేజ్ ఉంది.

"ఇవాళ టీకి మీరు రానక్కర్లేదండీ."

మీరు. పైగా అండీ.

పరుగెత్తుకుంటూ షాపుకి వెళ్లాను. ఆమె కౌంటర్ వెనక ఫ్రేములు సర్దుతోంది. తలెత్తలేదు.

"ఏం కావాలండీ?"

"తప్పయిపోయింది. చూడకుండా రాశాను. రాసినవాడు ఎవరో తెలీదని అబద్ధం చెప్పాను. బద్ధకం, పిరికితనం, ఇంకేం కారణం లేదు."

"అందరూ తప్పులు రాస్తారు. నేనూ ఒకసారి కుడి కంటి పవర్ ఎడమ కంటికి రాశాను," అంది ఫ్రేములకేసి చూస్తూ. "నేను మిమ్మల్ని తిడుతుంటే పక్కన కూర్చుని నాతో పాటు నవ్వారు. రోజూ. నేనెంత వెర్రిదానిలా కనిపించి ఉంటానో."

"నువ్వు కాదు, నేను..."

"వెనక కస్టమర్లున్నారు. కాస్త పక్కకి జరుగుతారా?"

జరిగాను. జరుగుతూ జరుగుతూ రోడ్డు మీదకి వచ్చేశాను.

ఆ సాయంత్రమే గ్రూపులో అసలు పేరుతో అంతా రాశాను. సున్నా చుట్టిన పెదాలు, రెట్టింపు స్పీడు వీడియో, దొంగ పేరుతో నన్ను నేను వెనకేసుకు రావడం, ఏదీ దాచలేదు. "కొలబద్ద చెప్పిన ప్రతి మాటా నిజం. నేను ఆమెని మోసం చేశాను," అని ముగించాను. మూడు వందల పన్నెండు మంది నన్ను తిట్టారు. ఒకాయన నా పోస్టులోనే నాలుగు అచ్చుతప్పులు పట్టుకున్నాడు. కొలబద్ద ఒక్క ముక్క రాయలేదు. మూడు వందల పదమూడో తిట్టు ఆమె తిట్టి ఉన్నా నాకు ప్రాణం కుదుటపడేది.

మిగిలిందల్లా చివరి ఎపిసోడ్. అందులో డాక్టరు తన దగ్గర ఓ మెడికల్ రిపోర్టు దాచాడని కెప్టెన్‌కి తెలుస్తుంది. ఆమె కిటికీ వైపు తిరిగి అతన్ని వెళ్లమంటుంది. కెమెరాకి ఆమె వీపే కనిపిస్తుంది. పెదాల బెడద లేదు. "మీరు వెళ్లొచ్చు, డాక్టర్," అని రాశాను. ఆ మూడు మాటలు రాయడానికి నాకు రోజంతా పట్టింది, ఎందుకంటే ఆ మీరు ఎలా తగులుతుందో నాకు బాగా తెలుసు. గొంతిచ్చే ఆవిడ ఆ లైను చెప్పాక, "ఎవరో గట్టిగానే అన్నట్టున్నారే నిన్ను," అంది.

ఎపిసోడ్ వచ్చిన రెండో రోజు మెసేజ్. "ఆదివారం సాయంత్రం ఇంటికి రండి. పిన్ని మిమ్మల్ని చూడాలంటోంది."

రండి. మిమ్మల్ని. రెండు దెబ్బలు. తను వాళ్ల పిన్ని దగ్గర ఉంటుందని తెలుసు. ఇంటికి పిలిచి, పెద్దల సమక్షంలో కడిగేస్తుందని ఖాయం చేసుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని వెళ్లాను.

"కూర్చోండి," అంది కొలబద్ద. "మంచినీళ్లు తీసుకోండి." నా వైపు చూడకుండా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. మీరు అన్న ప్రతిసారీ నేను కుర్చీలో ఓ అంగుళం కుంగాను.

పిన్ని నా ఎదురుగా కూర్చుని బఠాణీలు వలుస్తోంది. "ఏంటి బాబూ మీ ఇద్దరి గొడవ? నెల్లాళ్లుగా ఇది సరిగ్గా మాట్లాడదు, తినదు. అడిగితే నౌక అంటుంది, డాక్టరంటుంది."

మొత్తం చెప్పాను. ఏం దాచలేదు. రెండు సిరీస్‌లు, అరవై రెండు నువ్వులు, నా అబద్ధం.

పిన్ని చేతులు ఆగాయి. "అంటే ఆ కెప్టెనమ్మ చిన్నప్పుడు అతన్ని నువ్వు అనేది. పెద్దయ్యాక మీరంటోంది. అంతేనా?"

"అంతేనండీ."

"అయితే పెళ్లయి ఉంటుంది."

పదకొండు వందల మందిలో ఒక్కరికీ తట్టని మాట అది.

"ఏమండీ, ఓసారి ఇటు రండి," అని పిన్ని పక్క గదిలోకి కేకేసింది. బాబాయి పేపరు పట్టుకుని వచ్చాడు. "ఈయనా నేనూ ఒకే వీధిలో పెరిగాం. పెళ్లికి ముందు ఈయన్ని ఏమని పిలిచేదాన్నో చెప్పండి."

"ఒరేయ్ అనేది," అన్నాడు బాబాయి. "రెండుసార్లు కొట్టింది కూడా."

"అంత పెద్ద ఓడ నడిపే మనిషి, మొగుణ్ణి నలుగురిలో నువ్వు అంటుందా?" అని పిన్ని మళ్లీ బఠాణీలు అందుకుంది. "ఇదిగో, దీన్నే చూడు. నెల్లాళ్లు నిన్ను 'వాడు' అంది. 'ఆ వెధవ' అని కూడా అంది. పొద్దుటి నుంచి 'ఆయనొస్తారు, ఆయనొస్తారు' అని ఇల్లు రెండుసార్లు సర్దింది."

నేను గుమ్మం వైపు చూశాను. గుమ్మం ఖాళీగా ఉంది.

బాల్కనీలో దొరికింది. రెయిలింగ్ పట్టుకుని వీధిలోకి చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"కోపంతో కాదా ఈ మీరు?" అన్నాను.

"సగం కోపమే," అంది. "గ్రూపులో మీరు రాసింది చదివాను. పదిసార్లు. చివరి ఎపిసోడ్ కూడా చూశాను. నేనన్న మాట నాకే వినిపించింది. మిగతా సగం ఏంటో పిన్ని చెప్పేసిందిగా."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"నన్నెందుకు మీరంటున్నారు?"

"భయంతోనండీ."

ఆమె నవ్వు ఆపుకోడానికి చూసి, ఆపుకోలేక నా వైపు తిరిగింది. నెల తర్వాత ఆ ముఖాన్ని దగ్గరగా చూశాను. అబద్ధం చెప్పి ఈ ముఖాన్ని మళ్లీ దూరం చేసుకోనని, ఈసారి నిజంగానే, అనుకున్నాను.

"ఒక షరతు," అంది. "పాత సిరీస్ నలభై ఎపిసోడ్లూ చూడాలి. మామూలు స్పీడులో. పక్కన నేనూ ఉంటాను."

మొదటి ఎపిసోడ్ ఆ సాయంత్రమే పెట్టింది. మేమిద్దరం సోఫాకి చెరో చివరా కూర్చున్నాం. మధ్యలో పిన్ని బఠాణీల గిన్నెతో కూర్చుని, టైటిల్స్ అవకముందే, "మొగుడు ఎవడే ఇందులో?" అంది.