పట్టు మీట

గిరగిర తిరిగే శిక్షణ గదిలో ఒంటి బరువు ఐదింతలు దాటింది. నూకతల్లి బుగ్గలు చెవులవైపు లాగుతున్నాయి. కుడిచేతిలోని పట్టు మీట మాత్రం కదల్లేదు. అది వదిలితే గది ఆగుతుంది, వదిలినవాళ్ళు ఇంటికి పోతారు. చివరికి మిగిలిన ఒక్కరికి శనిగ్రహానికి వెళ్ళే తొలి నౌకలో ఉన్న ఒకే ఒక్క సీటు. పదకొండో ఏట ఆమెను భీమిలి ఒడ్డు నుంచి తీసుకొచ్చారు. ఏడేళ్ళుగా నలభై మందిని పేర్లతో కాక అంకెలతో పిలుస్తూ ఇలాగే వడపోశారు; ఆమె ముప్ఫై ఒకటి. ఇక మిగిలింది ఇద్దరే.

ఎదుటి కుర్చీలో సాత్యకి. మొదటి రోజు నుంచీ ఆమెను "ఎండుచేపా" అని పిలిచినవాడు, ఒకసారి ఆమె ఆక్సిజన్ గొట్టం మడతపెట్టి చోద్యం చూసినవాడు.

"ఈవేళ మూటాముల్లే సర్దుకో," అన్నాడు ఎక్కేముందు.

"నోర్ముయ్. నీ పాడె నానే కడతాను," అంది. మనసారానే అంది.

ఏడింతల బరువు. సాత్యకి తల వాలిపోయింది, కళ్ళు తేలేశాడు. వేళ్ళు మాత్రం కొంకర్లు పోయి మీటను బిగించేశాయి. యంత్రానికి మీట తప్ప మనిషి కనబడడు కదా! ఎనిమిదికి ఎక్కిస్తోంది.

"మాస్టారూ, ఆడికి తెలివి నేదు! ఆపండి!"

చెవిలో శిక్షకుడు రంగధామం గొంతు పలికింది. "ఆపేది మీటే, ముప్ఫై ఒకటీ. ఇంకొక్క నిమిషం ఓర్చుకో, వాడి చెయ్యి జారిపోతుంది, సీటు నీది."

వాడు చస్తే పీడా పోతుందని అనిపించింది, అబద్ధమెందుకు. కానీ వాళ్ళ పేటలో ఒక కట్టుబాటుంది. సముద్రంలో మనిషి పడితే, వల నిండా చేపలున్నా దాని తాడు కోసేసి, పడవను ఆ మనిషివైపు తిప్పాలి. కొయ్యనివాడితో మళ్ళీ ఎవడూ పడవెక్కడు. పడ్డవాడు పగవాడా అని అక్కడెవరూ అడగరు.

"సచ్చినోడా!" అని ఏడుస్తూ మీట వదిలేసింది.

గది ఆగింది. తెరమీద అక్షరాలు వచ్చాయి: "31 తొలగింపు. విజేత ప్రమాణం చెప్పాలి." 'నేను పట్టు వదల్లేదు' అని సాత్యకి ఒక్క మాటంటే చాలు. నీళ్ళు కొట్టి లేపారు. వాడు తన కొంకర వేళ్ళు చూసుకున్నాడు, ఆమె ఖాళీ చేయి చూశాడు. మొహం అసహ్యంతో వంకరపోయింది.

"చెప్పరా," అన్నాడు రంగధామం.

"నాకు స్పృహే లేదు. పట్టుకున్నది నేను కాదు. దాన్నే పంపండి. తిరిగొచ్చాక దాని సంగతి చూస్తా."

తెర మళ్ళీ మళ్ళీ ప్రమాణమే అడిగింది. వేరే మాట దానికి రాదు. రంగధామం కాసేపు పళ్ళు కొరుక్కున్నాడు. తర్వాత దాని తీగ పీకేసి, సీటు ఎవరిదో చేత్తో రాయడానికి కాగితం తీశాడు. 31 అని రాసి కొట్టేశాడు.

"నీ పేరేంటమ్మా?" అని అడిగాడు, ఏడేళ్ళ తర్వాత.