గుల్ల అన్నాను

ఊళ్లో నన్ను చెట్ల డాక్టరంటారు. నిజానికి నా వైద్యమంతా ఒక చెక్కసుత్తి. దానితో మానును తడతాను. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. గట్టి మానైతే చప్పుడు అక్కడే ఆగిపోతుంది. పుచ్చిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. పుచ్చిన చెట్టునే కొట్టాలన్నది మా ఆఫీసు నియమం.

పండుగ సెలవులకు దీపాలు చుట్టి కూడలిలో నిలబెట్టడానికి ఈసారి ఎత్తైన చెట్టు కావాలన్నారు మా పెద్దసారు.

"ప్లాస్టిక్‌ది పెడదాం సార్, ఏటా పనికొస్తుంది" అన్నాను.

"జనం నవ్వుతారయ్యా. మీ అక్క ఇంటి వెనకాల ఉందిగా, అది చూడు" అన్నారు. నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది. ఇంకేం మాట్లాడతాను!

ఆ చెట్టును నాటింది బావ. బావ పోయాక అక్క రోజూ సాయంత్రం దాని కింద కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను సుత్తి తీస్తుంటే పక్కనే నిలబడింది.

"నాలుగు రోజుల ముచ్చటకి బతికున్న చెట్టును కొడతారట్రా?"

తట్టాను. గుండ్రాయిలా ఉంది.

"గుల్ల, అక్కా" అన్నాను. "లోపలంతా పుచ్చింది. పెద్ద గాలొస్తే ఇంటి మీద పడుతుంది."

అక్క మానును నిమిరింది. "నువ్వే అన్నాక ఇంకేముంది. నీ నాలుక మీద మచ్చ ఉందాయె, అన్నది జరిగి తీరుతుంది" అని నవ్వబోయి, నవ్వలేక లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

కోత మిషను ఆగాక చూస్తే మోడు తెల్లగా, తడిగా, నిండుగా ఉంది. చిన్న రంధ్రం కూడా లేదు. అక్క చూడకుండా దాని మీద మట్టి కప్పాను. తోడబుట్టినదాన్ని మోసం చేశానన్న సిగ్గు మాత్రం దేనితోనూ కప్పలేకపోయాను.

దీపాలు వెలిగించే సాయంత్రం, మసక చీకట్లో కూడలికి వెళ్లాను. పచ్చి జిగురు వాసన వీధి మొదట్లోనే తగిలింది. తీగలు చుట్టడం ముగించి ఎలక్ట్రీషియన్ నిచ్చెన దిగాడు.

"డాక్టరుగారూ," గొంతు తగ్గించి అన్నాడు, "ఇదేంటండీ, నిచ్చెన ఆనిస్తే ఖాళీ డబ్బాలా మోగుతోంది?"

నవ్వేసి సుత్తి తీశాను. తట్టాను. డొల్ల. ఇంకాస్త పైన తట్టాను, కింద తట్టాను... అంతా డొల్లే. కోసిన రోజు నిండుగా ఉన్న మాను. అందులో ఉన్నది ఎటు పోయినట్టు?

దీపాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. పెద్దసారు రమ్మని చెయ్యి ఊపుతున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా జనంలోంచి జారుకుని అక్క ఇంటికి పరుగెత్తాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను.

ఇంట్లో దీపం లేదు. పెరటి తలుపు తెరిచి ఉంది. అక్క మోడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కప్పిన మట్టి లేదు. అదే జిగురు వాసన... మోడు నుంచి కాదు. అక్క నుంచి.

"అక్కా... నేను నీతో..."

అక్కకు దగ్గు తెర వచ్చింది. ఊపిరాడక ముందుకు వంగిపోయింది. గబగబా వీపు మీద తట్టాను.

డొల్ల.

నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నీకూ వినపడిందా?" గుసగుసగా అంది. "చెట్టు కొట్టిన నాటి నుంచి ఇంతేరా. ఒళ్లు తేలికైపోతోంది. ఏం లేదని నువ్వు చెప్పు తమ్ముడూ. నువ్వంటే జరుగుతుంది."

చెప్పాల్సిన నిజం గొంతులోనే ఉండిపోయింది.

"ఏం లేదక్కా. గట్టిగా ఉన్నావు" అన్నాను. అరచెయ్యి వీపు మీద ఆనించి మళ్లీ అన్నాను. "గట్టిగానే ఉన్నావు."

అక్క నమ్మింది. నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

అప్పుడు నా అరచేతి కింద... లోపలి నుంచి... ఎవరో తట్టారు.

రెండు దెబ్బలు. కాస్త ఆగి, ఒకటి.