పన్నెండు గంటల గొంతు

"చంపాల్సింది మనిషిని కాదురా, మెషిన్ని," అంది దో ఖిన్ ఓన్, మొహింగా నూడుల్స్ గిన్నెలో చేపల పులుసు పోస్తూ.

యాంగోన్‌లో ఆమెను నూడుల్స్ బండి ముసలమ్మగానే అందరికీ తెలుసు. సైనిక ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్న రహస్య దళానికి నగరంలో చీఫ్ ఆవిడే. ఎదురుగా స్టూలు మీద కూర్చుని పులుసు ఊదుకుంటున్న నాయింగ్ ఆవిడ ఏజెంటు, ఒకప్పుడు నెట్‌వర్క్ ఇంజనీరు.

"ఒక విదేశీ ముఠా సైన్యానికి అమ్మిన ఇంటర్నెట్ ఫిల్టర్ మెషిన్ వచ్చేసింది. కోడ్‌నేమ్ 'వల'. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఆన్ చేస్తారు. ఆ తర్వాత దొంగచాటుగా వీపీఎన్ వాడే ప్రతి ఫోనూ ఏ ఇంట్లో ఉందో వాళ్ల స్క్రీన్ మీద కనిపిస్తుంది."

నాయింగ్ చేతిలో చెంచా ఆగిపోయింది. పన్నెండింటికే అతని చెల్లెలు యమిన్ రహస్య చానెల్లో ఆ రోజు అరెస్టయిన వాళ్ల పేర్లు చదువుతుంది. ఎక్కడ కూర్చుని చదువుతుందో ఎవరికీ తెలియదు, అన్నకి కూడా. తెలియనిదాన్ని తన్ని రాబట్టలేరు కదా, అదీ దళం రూలు. పన్నెండు కొట్టేదాకా ఆ పిల్ల వీపీఎన్ కనెక్షన్ తెరవదు. ఆమె నోరు విప్పడం, మెషిన్ కళ్లు తెరవడం ఒక్కసారే జరుగుతాయి.

"చెల్లికి కబురెలా పెద్దమ్మా?"

"దారి లేదు. మెషిన్ని ఆపడమే. నందార్ దాన్ని తెరిచే తాళానికి నకలు తెస్తుంది. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. పట్టుకొచ్చి నా ల్యాప్‌టాప్‌లో పెట్టు. మనవాళ్లు ఇక్కణ్ణుంచే లోపలికి దూరతారు."

నందార్, ఆ ఫిల్టర్ పెట్టడానికొచ్చిన విదేశీ నిపుణుడికి దుబాసీ. పట్టు లుంగీ, ఎర్రటి పెదాలు, ఎదుటివాడు ఊపిరి తీసుకోవడం మరచిపోయేంత అందం. ఆర్నెల్లుగా లోపలి కబుర్లు దళానికి మోస్తోంది. మొదటిసారి కలిసినప్పుడు, "నేనూ శనివారం పుట్టినదాన్నే అన్నా. ఇద్దరి వారం గుర్తూ నాగుపామే, మనతో పెట్టుకుంటే కాటే!" అని నవ్వింది. ఆ నవ్వుకి నాయింగ్ సగం పడిపోయాడు.

దారిలో చెక్‌పోస్టు. "ఫోన్ తియ్," అన్నాడు సిపాయి.

ఆ ఫోన్‌కి రెండు పాస్‌వర్డులు. ఒకటి కొడితే అసలు ఫోన్, రెండోది కొడితే ఒట్టి అమాయకుడి ఫోన్. నాయింగ్ రెండోది కొట్టాడు. ఫుట్‌బాల్ స్కోర్లు, సైన్యాన్ని పొగిడే పాటలు బయటపడ్డాయి.

సిపాయి ఒక పాట కాస్త విని మొహం అదోలా పెట్టాడు. "మా బ్యారక్‌లోనే ఎవడూ వినడు ఈ పాట. నీకేం పోయేకాలం?"

"దేశభక్తి సార్."

"ఏడిశావ్, పో!" అని వీపు మీద ఒకటి చరిచి వదిలేశాడు.

శ్వేదగాన్ పగోడా అరుగు మీద భక్తులు వరసగా నిలబడి చీపుళ్లతో ఊడుస్తున్నారు. లావుపాటి కళ్లద్దాలు పెట్టుకుని నాయింగ్ కూడా ఆ వరసలో చేరాడు. నందార్ వచ్చి పక్కన నిలబడింది.

"మల్లెలు వాడిపోయాయా?" అన్నాడు నాయింగ్.

"నీళ్లు చల్లితే లేస్తాయి."

కోడ్ కుదిరింది. పూలగుత్తితో పాటు పెన్‌డ్రైవ్ అతని చేతిలోకి వచ్చింది. "పరిగెత్తన్నా. పన్నెండింటికి ఆ నిపుణుడి పక్కన నేనుండాలి," అని కదిలింది నందార్.

కానీ మెట్లు దిగలేదు. వారానికో బుద్ధుడు, వారానికో జంతువు ఉన్న మూలల వైపు వెళ్లింది; ఎవరు పుట్టిన వారం మూలలో వాళ్లు నీళ్లు పోస్తారక్కడ. శనివారం నాగుపాము దగ్గర ఆగలేదు. మంగళవారం సింహం ముందు ఆగి, బుద్ధుడి మీద కప్పుతో నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఒక కప్పు, ఇంకో కప్పు, ఎంతకీ ఆపలేదు.

నాయింగ్ ఊడవడం ఆపేశాడు. ఈ దేశంలో పుట్టిన తారీఖు మరచిపోతారేమో గానీ వారం మరచిపోరు. తన గ్రహాన్ని వదిలి ఇంకొకరి గ్రహానికి నీళ్లు పోసే మనిషి ఉండడు. దళానికి అబద్ధం చెప్పగలిగింది, కాగితాల్లో అబద్ధం రాయగలిగింది. ఇంత పాపం నెత్తిన పెట్టుకున్న రోజున ఆ మూల దగ్గర మాత్రం అబద్ధమాడడం ఆమె చేత కాలేదు.

ఆమె చెప్పిందంతా అబద్ధమే అయితే ఈ తాళం ఎర. ల్యాప్‌టాప్‌లో పెడితే పెద్దమ్మతో సహా దళమంతా పట్టుబడుతుంది. పెట్టకపోతే యమిన్ పట్టుబడుతుంది. ఇంకో దారి లేదు. చీపురు అక్కడే పారేసి, చిన్నపిల్లాడిలా ఏడవాలనిపించింది అతనికి.

అప్పుడే నందార్ మోకరిల్లి నుదురు నేలకి ఆనించింది. కళ్లు గట్టిగా మూసుకుంది. గూఢచారి చేయకూడని పని అది. పక్కనే హ్యాండ్‌బ్యాగు, జిప్పు సగం తెరిచి ఉంది. నాయింగ్ ఊడుస్తూ అటు జరిగాడు. బ్యాగులో అచ్చం అలాంటిదే ఇంకో పెన్‌డ్రైవ్! పన్నెండింటికి విదేశీ నిపుణుడు మెషిన్లో పెట్టబోయే అసలు తాళం అదే. ఆమె రెండోసారి వంగింది. తన చేతిలోది అందులో వేసి, దాన్ని తీసుకుని, చీపురుతో ముందుకు సాగిపోయాడు. నందార్ మూడోసారి వంగి, లేచి, కళ్లు తుడుచుకుని బ్యాగు తీసుకుంది.

"మరి అసలుదేదీ?" అంది దో ఖిన్ ఓన్, బండి దగ్గర జరిగిందంతా విని.

"విరగ్గొట్టి మురుక్కాలవలో వేశాను. ఆమె చేతి మీదుగా వచ్చినదేదీ నీ ల్యాప్‌టాప్‌లో పెట్టను పెద్దమ్మా."

పన్నెండయింది. ఫోన్‌లో చక్రం తిరుగుతోంది. గొంతు లేదు. ఇంకా లేదు. నాయింగ్‌కి తెలిసిన దేవుళ్లందరూ అయిపోయారు.

సైరన్లు మోగాయి. సైనికుల ట్రక్కులు బండిని రాసుకుంటూ దూసుకుపోయాయి. అంతా అయిపోయిందనుకున్నాడు. కానీ ట్రక్కులు పక్క వీధిలో, ఫిల్టర్ పెట్టిన సర్కారు భవనం ముందే ఆగాయి. లోపల నిపుణుడు అప్పటికే అతిథుల చప్పట్ల మధ్య తాళం పెట్టేశాడు. అందులోని ఎర తన పని తాను చేసింది. మెషిన్ని కదలకుండా కట్టిపడేసి, 'తిరుగుబాటుదార్ల స్థావరం ఇక్కడే' అని సైన్యానికి కబురు పంపింది. సైన్యానికి ఎదురు ప్రశ్న వేసే అలవాటు ఎటూ లేదు. తమ తలుపు తామే బద్దలుకొట్టి, తమ అతిథుల్నే బోర్లా పడుకోబెట్టారు.

ఫోన్ గరగరలాడింది. "నేను మాట్లాడుతున్నాను. ఇవాళ అరెస్టయినవాళ్లు..."

నాయింగ్ గిన్నెలోకి వంగి వెక్కి వెక్కి ఏడ్చాడు. దో ఖిన్ ఓన్ చూడనట్టే ఇంకో గరిటె పులుసు పోసింది.

మర్నాడు మధ్యాహ్నం యమిన్ చివరి పేరు చదివింది. "జిన్ మార్. దుబాసీ. నందార్ అని కూడా పిలుస్తారు. మెషిన్ని పాడుచేసిందని పట్టుకుని చిత్రహింసలు పెడుతున్నారట. ఇంత సాహసం చేసిన ఈ అక్క కోసం అందరూ ఒక్క నిమిషం ప్రార్థించండి."

"సాహసమా! ఒసేయ్ పిచ్చిదానా..." అని ఫోన్ మీద అరవబోయాడు నాయింగ్. కానీ అరిచినా చెల్లెలికి వినపడదు, దాని ఆచూకీ అతనికి ఇంకా తెలియదు. పగోడా దగ్గర నందార్ తుడుచుకున్న కళ్లు గుర్తొచ్చాయి. బ్రీఫింగ్‌లో లేని పనే అయినా, చెంచా పక్కన పెట్టి చేతులు జోడించాడు.