మీరు మాట్లాడకండి, డాక్టరుగారూ

"చచ్చిపోయాను," అంది మంచం మీది అమ్మాయి, ఒక కన్ను తెరిచి. "జబ్బుతో కాదు, మీ ఉపన్యాసంతో."

కుర్ర డాక్టరు నుదురు తుడుచుకున్నాడు. తోటి డాక్టర్లకు ఒక్కసారిగా దగ్గొచ్చింది.

ఆమె రంగస్థల నటి. మాట పడిపోయే పరిస్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో రోగిని ముందే అడిగి తెలుసుకోవడం డాక్టర్లకు అలవాటు కావాలని, ఆసుపత్రివాళ్లు ఆమెను పేషెంటు వేషానికి పెట్టుకున్నారు. అందరూ పాసయ్యారు, ఇతను తప్ప. భయమేస్తే ఊపిరితిత్తుల గురించి పాఠం చెప్పేస్తాడు పాపం.

"అడిగాక నోరు మూసుకోవాలండీ."

"మూసుకుంటే మీరలా చూస్తారు. చూస్తే నాకు మాటలు తన్నుకొస్తాయి."

"ఎలా చూస్తానట?"

అతను మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పారిపోయాడు.

ఆ తర్వాత ప్రతి క్లాసుకీ ముందే వచ్చి, చివరిదాకా ఉండి, శ్రద్ధగా ఫెయిలయ్యాడు. ఆమె కూడా అంతే శ్రద్ధగా ఫెయిల్ చేసింది.

ఒకరోజు క్లాసుకు ఆమె రాలేదు. గుండె వార్డు బయట బెంచీ మీద అతనికి కనిపించింది. జీవితమంతా బస్సు నడిపిన వాళ్ల నాన్నకు మర్నాడు ఆపరేషన్.

"నాన్నగారిని అడిగారా? అదే, మీరు మాకు నేర్పేది..."

ఆమె కళ్లు నిండాయి. "నోరు రావట్లేదండీ. రేపేదైనా అయితే ఆయన తరఫున నేనే చెప్పాలి. ఏం చెప్పాలో తెలీదు. అపశకునం మాటలొద్దని అమ్మ గొడవ. మీరు అడగరూ?"

"నేనా? ఫెయిలైనవాణ్ని!"

"తెలుసు. అయినా మీరే."

అతను పెద్ద డాక్టరుతో చెప్పి వచ్చి, మంచం పక్కన కూర్చున్నాడు. "ఆపరేషన్ బాగా జరుగుతుందనే మా నమ్మకం సార్. ఒకవేళ మీరు చెప్పుకోలేని స్థితి వస్తే, మీకేది ముఖ్యం?"

"ఇవేం మాటలు బాబూ!" అంది వాళ్లమ్మ.

అమ్మాయి అతని వైపే చూసింది. ఊపిరితిత్తుల పాఠం నోటిదాకా వచ్చింది. అతను మింగేశాడు.

"హమ్మయ్య, అడిగారు," అన్నాడు నాన్న. "మా అమ్మాయి భయపడుతుందని నేను, నేను భయపడతానని ఇది! మనుషుల్ని గుర్తుపట్టే ఆశ ఉన్నంతవరకు ఏం చేసినా సరే. ఆ ఆశ లేదని మీరే తేల్చాక మెషీన్లు పెట్టి లాగొద్దు, ఇంటికి పంపండి. నేను నడపలేని రోజు స్టీరింగు మా అమ్మాయిది."

"మరి నేను?" అంది అమ్మ, ముక్కు చీదుతూ.

"నువ్వెలాగూ పక్కనుంచి బ్రేకు తొక్కుతూనే ఉంటావుగా!"

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. అతను విన్నదంతా తిరిగి చెప్పి, సరేననిపించుకుని ఫైల్లో రాయించాడు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోయారు.

ఆపరేషన్ బాగా జరిగింది. నాన్న లేచి కూర్చున్నాడు, నర్సులకు డ్రైవింగు పాఠాలు మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, మీరు పాస్," అంది ఆమె.

అతని మొహం వాడిపోయింది. "అయితే ఇక క్లాసుకు రాకూడదా?"

నాన్న ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "బాబూ, నా మాట పడిపోతే ఏం కావాలో అంత చక్కగా అడిగావు. నీ మాటకేం రోగం? నీకేం కావాలో చెప్పవేం?"

"మీ అమ్మాయండీ," అన్నాడు.

అమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. కూతురి వైపు తిరిగింది. "మరి నీకేం కావాలే?" అని అడిగి, జీవితంలో మొదటిసారి జవాబు కోసం ఆగింది.

"ఈయనే, అమ్మా."

పక్క మంచం పెద్దాయన చప్పట్లు కొట్టాడు. కుట్లు ఊడతాయని నర్సు ఆయన్ను కేకలేసి, తనూ కొట్టింది.