చివరి అంకె

2094 మార్చి 11, ఉదయం 6.40. అంగారకుడి మీద అరుణ స్థావరంలో మూడో ఆశ్రయం తలుపు తెరుచుకోలేదు. లోపల ముప్పై ఎనిమిది మంది ఉన్నారు.

సౌర తుఫాను వస్తే జనం ఆశ్రయాల్లోకి వెళ్తారు. పోయాక బయటికొచ్చి టీ పెట్టుకుంటారు. ఈసారి తుఫాను పదకొండు గంటల్లో పోయింది. లోపల నాలుగు రోజులకు గాలి ఉంది. తలుపు కోయడానికి తొమ్మిది రోజులు పడుతుందని ఇంజినీర్లు చెప్పారు. రెండు నెలల కిందట ప్రారంభోత్సవం జరిగాక ఆ తలుపు మూయడం ఇదే మొదటిసారి.

తలుపుకు ఉన్నది సంఖ్యాతాళం. గాలి దొంగల బెడద వల్ల దాన్ని కనిపెట్టారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడనిది ప్రధాన సంఖ్య. ఆరువందల అంకెల ప్రధాన సంఖ్యలు రెండింటిని గుణించి, లబ్ధాన్ని తాళంలో పెడతారు. తాళంచెవి ఆ రెండు సంఖ్యల నుంచి పుడుతుంది. లబ్ధాన్ని తిరిగి విడగొట్టడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. రెండింటిలో ఒకటి ప్రధాన సంఖ్య కాకపోతే, పుట్టిన చెవి పనిచేయదు.

తాళాల విభాగాధిపతి డాక్టర్ పరిమళ. లోపలున్న వారిలో ఆమె తమ్ముడు సోమరాజు ఒకడు. ఆ ఆశ్రయం కట్టించింది అతనే.

7.15కి ఆమె గణనిని అడిగింది. సంఖ్యలను ఎంచి ఇచ్చే యంత్రం అది.

"మొదటి సంఖ్య?"

"ప్రధానం."

"రెండోది?"

"కాదు. తొమ్మిదితో భాగింపబడుతుంది."

"నువ్విచ్చిందే కదా."

"నేనిచ్చిన సంఖ్య చివర మూడు. ఇందులో ఏడు ఉంది."

ఆమె ఆశ్రయానికి ఫోన్ చేసింది.

"సోమూ, చివరి అంకె మార్చావా?"

"మార్చానక్కా. అంకెలన్నీ ఒక్క అంకె వచ్చేదాకా కూడితే ఐదొచ్చింది. చివరి మూడు తీసి ఏడు వేస్తే తొమ్మిది. అందరూ తొమ్మిదే కావాలన్నారు."

"అలా తొమ్మిదొస్తే అది తొమ్మిదితో పోతుందిరా. ఐదో తరగతి లెక్క."

"ఐదో తరగతిలో నా లెక్కలు నువ్వే చేసిపెట్టావుగా." అతను నవ్వాడు. "సరే గానీ, ఎంతసేపు పడుతుంది?"

"చూస్తున్నాం."

ఆమె సంఖ్యను తొమ్మిదితో భాగించింది. భాగఫలమూ ప్రధాన సంఖ్య కాదు. దాన్ని విడగొడితే సరైన చెవి దొరుకుతుంది. ఎన్నేళ్లు పడుతుందని గణనిని అడిగింది. అది చెప్పిన జవాబులో ముప్పై ఒక్క అంకెలున్నాయి.

సంఖ్య మార్చాలంటే గణని ఒప్పుకోవాలి, లేదా రెండో అధికారి ఆమోదించాలి. ప్రారంభోత్సవం రోజున గణని మూడుసార్లు నిరాకరించినట్టు రికార్డులో ఉంది. ముహూర్తం 9.10కి. రెండో అధికారి ఆమోదం 9.08కి వచ్చింది.

"ఎవరిది?"

గణని ఆ రోజు రికార్డైన గొంతును వినిపించింది. "యంత్రం గొడవ తర్వాత చూద్దాం, ముహూర్తం దాటిపోతోంది. ఒక్క అంకేగా, కానివ్వు."

ఆ గొంతు పరిమళది.

13న సోమరాజు ఫోన్ చేశాడు. "అక్కా, ఆ రికార్డు చెరిపెయ్. నేనొక్కణ్నే చేశానని రాయించు."

"పిల్లలు ఎలా ఉన్నారు అక్కడ?"

"పడుకున్నారు. చెరిపెయ్యక్కా."

ఆమె చెరపలేదు. 15న మధ్యాహ్నం 2.20 తర్వాత లోపలి నుంచి ఎవరూ ఫోన్ ఎత్తలేదు. 20న తలుపు కోశారు. ముప్పై ఎనిమిది మృతదేహాలను బయటికి తెచ్చారు.

ఆ ఏడాది కట్టిన ఆశ్రయాలు మరో ఆరు ఉన్నాయి. వాటి తలుపులు ఇంకా ఎవరూ మూయలేదు. 21న గణని వాటి సంఖ్యలను పరీక్షించింది. ఆరింటిలోనూ అంకెలు కూడితే వచ్చింది తొమ్మిది.