పాత గని కాడ తిరిగిన ఫ్యాన్లు

బేతంచెర్లలో మే నెల ఎండ ఒక్కసారి కొట్టి ఊరుకోదు. పైనుంచి ఒక దెబ్బ, కింద పరిచిన నాపరాళ్ళ మీదినుంచి ఇంకో దెబ్బ. అట్లాంటి ఎండల్లో, రెండువేల ఎనిమిదో సంవత్సరంలో, భూపేష్ మోటార్‌సైకిల్ బండి రోజుకు రెండుసార్లు అలిగి ఆగిపోయేది.

పేరుకు పెద్ద బండే. ఇంజను ముందర చిన్న జల్లెడ మాదిరి ఆయిల్ కూలర్ కూడా ఉండేది. కాగిన నూనె దాంట్లో తిరుగుతూ ఎదురుగాలికి చల్లబడాల. గాలి తగిలితే కదా చల్లబడేది? భూపేష్‌ది పాలిష్ బండల వ్యాపారం. పొద్దున లేస్తే గనులకూ ఫ్యాక్టరీలకూ మధ్య, లారీల వెనకాల, ఫస్ట్ గేర్లో పాకడమే. నత్తనడక లారీ వెనక దుమ్ముంటుంది గానీ గాలి యాడుంటుంది?

మెకానిక్కు నూనె మార్చినాడు, ప్లగ్గు మార్చినాడు, చివరికి తానే చేతులెత్తేసినాడు. అప్పుడెవరో చెప్పినారు. కంప్యూటర్లో తిరిగే చిన్న ఫ్యాన్లు పన్నెండు వోల్టులవే, బండి బ్యాటరీ కూడా అంతే, రెండు తెచ్చి కూలర్‌కు బిగించుకోమన్నారు.

అట్లా పోయినాడు స్టేషన్ రోడ్డులో యామిని షాపుకు. తండ్రి లేని పిల్ల. కర్నూల్లో డిప్లొమా చదివి వచ్చి, తల్లి కృష్ణవేణమ్మ వద్దు వద్దంటున్నా, ఇంటి ముందర గదిలోనే కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకుంది. పాత కంప్యూటర్లు తుక్కు కింద కొని, పనికొచ్చే సామాను విప్పి దాచిపెడుతుంది.

"ఏం కావాలన్నా?" అని అడిగింది తల ఎత్తకుండానే.

ఆ 'అన్నా' అనే మాట తుమ్మముల్లు మాదిరి దిగింది భూపేష్‌కు. ఏం చేస్తాడు పాపం, ఫ్యాన్లు అడిగినాడు. ఆ పిల్ల తల ఎత్తి చూసింది. ఫ్యాన్లు ఎందుకో మర్చిపోయి ఒక నిమిషం నిలబడిపోయినాడు.

షాపు ముందరే బండి పెట్టి, రెండు ఫ్యాన్లూ కూలర్ ముందు పట్టుకొని కొలతలు చూస్తుంటే, వాకిట్లోంచి మాట వచ్చింది.

"ముందర పెడితే వచ్చే గాలికి అవే అడ్డమన్నా. వెనక పెట్టు. గాలిని లాక్కోవాల."

"బండి నాదా, నీదా?"

"బండి నీదేలే. ఫ్యాన్లు నావి. వాటికి చెడ్డపేరు రాకూడదు కదా."

మొండోడు, ముందరే బిగించుకొని పోయినాడు. గంటలో బండి తోసుకుంటూ తిరిగొచ్చినాడు, ముఖమంతా తెల్లదుమ్ము. యామిని ఒక్క మాట అనలేదు, స్క్రూడ్రైవర్ చేతికిచ్చింది. ఆ అనకపోవడమే వాడికి ఎక్కువ తగిలింది. ఇద్దరూ నేల మీద కూర్చొని, అల్యూమినియం పట్టీలు కోసి, కూలర్‌కూ ఇంజనుకూ మధ్య సందులో ఫ్యాన్లు బిగించి, హ్యాండిల్ పక్కన స్విచ్చు పెట్టినారు. ఆ పిల్ల గాజులకంతా నల్లనూనె.

ఆ దినం బండి లారీల వెనక ఎంత పాకినా ఆగలేదు. మరుసటి దినం భూపేష్ అరడజను బనగానపల్లె మామిడిపండ్లు తీసుకొచ్చి బల్ల మీద పెట్టినాడు. ఎందుకంటే, ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయన్నాడు. ఫ్యాన్లు మామిడిపండ్లు తింటాయా అని అడిగింది యామిని. అడిగింది గానీ పండ్లు లోపల పెట్టుకుంది. అప్పటినుంచి 'అన్నా' అనడం మానేసింది. భూపేష్ నేల మీద నడవడం మానేసినాడు.

ఇంత బాగుంటే కథేముంది? మే నెల ఆఖరి శుక్రవారం వచ్చింది.

ఊరి బయట పాత గని ఒకటుంది. రెండేళ్ళ కిందట మేస్త్రీ ఈరప్ప మీద బండ జారి పడింది. మిట్టమధ్యాహ్నం. ఆయప్ప పోయినాక గని మూతబడింది. పగలు పన్నెండు దాటితే గొర్రెల కాపరులు కూడా అటు పోరు. భూపేష్ ఇట్లాంటివి నమ్మేవాడు కాడు. గని అంచున రాతిగోడ నీడ ఉందని, బండి వెనక్కి తోసి గోడకు ఆనించి, తాళంచెవి జేబులో వేసుకొని కూర్చున్నాడు. ఇంజను చల్లబడింది. కునుకు పడుతుంటే, ఎందుకో మెలకువ వచ్చింది.

ఎడమ ఫ్యాను తిరుగుతోంది.

నెమ్మదిగా, ఎవరో వేలితో తిప్పినట్టు. కాసేపటికి కుడిది. స్విచ్చు ఆపే ఉంది. మోత లేదు. ఎదురుగా తుమ్మచెట్టు ఆకు కదలడం లేదు. వైరు పీకేసినాడు. అయినా తిరుగుతున్నాయి. తడిసున్నం వాసన. పిక్కల మీద చన్నీళ్ళు పోసినట్టు చలి. చెవి పక్కనే ఎవరో నిట్టూర్చినట్టయింది. తిరిగి చూస్తే మనిషి లేడు. గోడ మొదట్లో విస్తరాకులో సంగటి ముద్ద ఉంది, పక్కన ఊరిబిండి పచ్చడి. ముద్ద మీద ఇంకా ఆవిరి లేస్తోంది. వచ్చేటప్పుడు అక్కడ ఆకు లేదని ఒట్టేసి చెప్పగలడు.

బండి ఎట్లా స్టార్ట్ చేసినాడో వాడికే తెలియదు. నేరుగా టీ అంగడి కాడ దిగి, పది మంది ముందర అంతా కక్కేసినాడు. అక్కడే చేసినాడు తప్పు. ఫ్యాన్లు యాడివని ఒకాయన అడిగినాడు. ఇంకొకాయనకు గుర్తొచ్చింది, యామిని ఆ గని ఆఫీసు కంప్యూటర్‌నే కదా తుక్కుకు కొనింది, ఈరప్ప రోజూ లారీల లెక్క ఎక్కించిన కంప్యూటర్ అదే కదా అని.

ఈరప్ప దెయ్యమై యామిని షాపులో చేరినాడని సాయంత్రానికి ఊరంతా పాకింది. పది దినాల్లో, రిపేరుకిచ్చినవాళ్ళంతా బాగుచేయకముందే కంప్యూటర్లు మోసుకుపోయినారు. నెలాఖరుకు షాపు మూసేసి కడపలో చిన్నమ్మ ఇంటికి పోవాలని తేల్చేసింది కృష్ణవేణమ్మ. అక్కడ ఒక సంబంధం కూడా చూసినారట.

బండల పని మీద ఊళ్ళు తిరిగి వచ్చిన భూపేష్‌కు ఇవేవీ తెలియవు. మళ్ళీ మామిడిపండ్లతో వచ్చేసరికి షట్టర్ సగం దించి ఉంది. యామిని పెట్టెల్లో సామాను సర్దుతోంది. జరిగింది మొత్తం నిదానంగా చెప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది వాడికి.

"భయపడినావు, సరే. నా కాడికి వచ్చి చెప్పాల్సింది. టీ అంగడికి ఎందుకు పోయినావప్పా?"

సంచి కింద పెట్టి నిలబడినాడు. ఆ పిల్లే మళ్ళీ అడిగింది.

"ఎటు తిరిగినాయి?"

"ఏంది?"

"ఫ్యాన్లు. సవ్యంగానా, ఉల్టానా?"

కండ్లు మూసుకొని గుర్తు చేసుకున్నాడు. ఉల్టా. యామిని సర్దడం ఆపింది. ఉల్టా తిరిగితే గాలి వెనకనుంచి వచ్చినట్టు. వెనక రాతిగోడ తప్ప ఏమీ లేదు కదా?

మరుసటి మధ్యాహ్నం తల్లితో చెప్పి బండెక్కింది, మధ్యలో తన బ్యాగు అడ్డం పెట్టుకొని. పాత గని కాడ అదే చోట, అట్లే బండి ఆనించినారు. పక్షి కూత కూడా లేదు. పన్నెండున్నరకు ఎడమ ఫ్యాను కదిలింది. యామిని చెయ్యి దానంతట అదే వాడి చొక్కా పట్టుకుంది. అయినా ధైర్యం చేసి, కాగితం ముక్క చించి గోడ పొడుగునా పట్టుకుంటూ పోయింది. ఒకచోట కాగితం చేతిలోంచి ఎగిరిపోయింది. అరచెయ్యి పట్టేంత సందు. లోపల అంతులేని చీకటి. దాంట్లోంచి చల్లటి గాలి. కింద గుహలున్నాయి ఈ సీమంతా. బయట ఎండ కాసేకొద్దీ లోపలి చల్లగాలి ఇట్లా బయటికి వస్తుంది.

"కొండ ఊపిరి వదుల్తాంది," అనింది గుసగుసగా.

భూపేష్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడే ఊరందరినీ పిలుచుకొస్తానని బయలుదేరబోయినాడు. అప్పుడే గోడ మలుపులో హంపమ్మ కనపడింది. ఈరప్ప భార్య. చేతిలో విస్తరాకు. వీళ్ళను చూడలేదు. సందు ముందర ఆకు పెట్టి, గొంతుక్కూర్చొని, ఆ గాలి ముఖానికి తగలనిచ్చి, రాతితో మాట్లాడింది.

"తిను. ఈ దినం కారం తక్కువేసినా."

యామిని భూపేష్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎవరినీ పిలుచుకొని రావద్దు. నా షాపు పోతే పోనీ. ఆయమ్మకు ఇది ఒక్కటే ఉండాది. ఊరు వస్తే తిరునాళ్ళు చేస్తారు."

షాపు పోతే కడప. కడప అంటే ఆ సంబంధం. భూపేష్‌కు అన్నీ తెలుసు. అయినా తల ఊపినాడు. ఆ తల ఊపేటప్పుడే, ఈ పిల్ల లేకుండా బతకడం తన చేత కాదని కూడా తెలిసిపోయింది.

హంపమ్మ తిరిగి చూసింది. ఎవరని అడిగింది. ముందు నోరు పారేసుకున్నవాడు, ఈసారి మాట మాటా ఏరుకుంటూ, తన తప్పంతా ఒప్పుకున్నాడు. ఆమె వినింది. నవ్వింది.

"గాలని నాకు తెల్దా నాయనా? ఆ సందు కనిపెట్టిందే ఆయప్ప. ఎండలకాలం ఈడ కూచోనే తినేటోడు. ఆయప్ప కూచున్న చోటని పెడ్తాండా. నువ్వు చూసింది ఎప్పుడు?"

"పోయిన నెల ఆఖరి శుక్రవారమమ్మా. ముద్ద మీద ఆవిరి కూడా లేస్తాండె."

ఆమె నవ్వు ఆగింది. ఆ శుక్రవారం తాను జ్వరంతో మంచం దిగలేదంది. ఇంకెవరూ పెట్టరంది. ఫ్యాన్లు మాత్రం ఉల్టా తిరుగుతూనే ఉన్నాయి.

ముందుగా తేరుకుంది హంపమ్మే. ఎవరు పెట్టినారో వాళ్ళ పుణ్యం, పదండి షాపుకు అనింది.

ఇంటికి పోయి ఈరప్ప వాడిన టేబుల్ ఫ్యాను ఒళ్ళో పెట్టుకొని, భూపేష్ బండి వెనకెక్కి బజారు మధ్యలోంచి వచ్చింది. ఫ్యాను రిపేరుకిచ్చి, షాపు వాకిట్లో కుర్చీ వేయించుకొని రెండు గంటలు కూర్చుంది. తొంగి చూసినవాళ్ళందరికీ ఒకటే మాట.

"నా మొగుడు దెయ్యమైతే ముందు నన్ను కదా పట్టాల? మీ కంప్యూటర్లతో ఆయప్పకేం పని?"

దానికి ఎవరు ఏం చెబుతారు? సిగ్గుపడుతూ ఒకడు కంప్యూటర్ తెచ్చినాడు. మరుసటి దినం ముగ్గురు. వారానికి కృష్ణవేణమ్మ పెట్టెలు తానే విప్పింది. భూపేష్ పోయి ఆమె ముందర చేతులు కట్టుకొని, కడపకు మాట పంపొద్దమ్మా అన్నాడు. ఆమె వాడిని కింది నుంచి పైదాకా చూసి, మీ అమ్మను వచ్చి మాట్లాడమను, అంతకుముందు దాన్ని అడుగు, దాని మాటే నా మాట అనింది.

అడగడానికి వాడికి మూడు దినాలు పట్టింది. ఆ మూడో దినం హంపమ్మ ఫ్యాను ఇచ్చేసి ఇద్దరూ తిరిగి వస్తుంటే, ఆ ఏటి మొదటి వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి ఆ దారిలో ఉన్నది పాత గని గోడ ఒకటే. రాతిచూరు కింద బండి తోసి నిలబడినారు. నాపరాళ్ళ మీద వాన పడుతుంటే వేల వేళ్ళతో ఎవరో తలుపు తట్టినట్టుంది. గాలి చల్లబడింది కదా, రాయి ఇప్పుడు ఊపిరి లోపలికి పీలుస్తోంది. ఫ్యాన్లు సవ్యంగా తిరుగుతున్నాయి.

"యామినీ, కడపకు పోవద్దు. నన్ను చేసుకో."

"వాన మోతలో వినపడలేదు," అనింది. పెదవి మూలన నవ్వు దాగడం లేదు.

ఈసారి గట్టిగా చెప్పినాడు. ఆ పిల్ల వాడిని చూడలేదు. సందు వైపు చూసింది. ముఖంలో నవ్వు లేదు.

"నువ్వు రెండుసార్లే కదా చెప్పినావు?"

"అవును."

"నాకు మూడుసార్లు వినపడింది."

భూపేష్ కూడా సందు వైపు తిరిగినాడు. వాన ఒక్క క్షణం సన్నబడినట్టయి, మళ్ళీ ఎత్తుకుంది. యామిని దగ్గరికి జరిగి, తడిసిన చేత్తో వాడి చెయ్యి పట్టుకుంది.

"ఇంతమంది అడుగుతాంటే," అనింది, "కాదని ఎట్లంటానప్పా?"